ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) విమానం నేర్చుకోవడానికి ఏది మేలు: కోసిన చేనా, గోదావరి తిన్నెనా?

డెల్టాగాలి:
రావులపాలెం చుట్టుపక్కల, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చోటు తేల్చాలండి. విమానం మామూలు ఫోమ్ ట్రైనర్. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 1200 మిల్లీమీటర్లు, బరువు కిలో లోపు, 3 సెల్లుల 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ. దాళ్వా (వేసవి పంట) కోతలయ్యాక చేలు ఖాళీ అవుతాయి. గౌతమిలో నీళ్లు తగ్గి అప్పటికి తిన్నెలూ బయటపడతాయి. సగం మంది చేను అంటున్నారు, సగం మంది ఇసుక అంటున్నారు. "మాకదే అలవాటు" అనకుండా కారణం చెప్పండి.

గట్టుమీద:
చేనే. పడినా చేతికి దొరుకుతుంది. కాకపోతే చక్రాలు పీకేయండి. మిషన్ కోసిన చేలో జానెడు మోళ్లు నిలబడే ఉంటాయి. చక్రం తగులుకుందా, విమానం ముక్కు మీద పల్టీ. ముందు ప్రొపెల్లర్, ఆ తర్వాత మోటార్ మౌంట్ పోతాయి. 40 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు మేర కొడవలితో నేలమట్టంగా కోయించి, పొట్ట కింద ఫైబర్ టేపు రెండు వరసలు వేసి, చేత్తో విసిరి పొట్ట మీద దించుకోండి. మీటరు ఎత్తులో ఉండగానే థ్రాటిల్ (మోటార్ వేగం) సున్నా చేయాలి. తిరుగుతున్న ప్రొపెల్లరే మోడుకి తగిలి విరుగుతుంది.

ఇంకోటి, సార్వా (వానాకాలం పంట) అయ్యాక చేను ఖాళీగా కనబడినా నమ్మొద్దు. కోతకి ముందే మినుములు చల్లేసి ఉంటారు, మోళ్ల మధ్య మొలకలుంటాయి. ఆసామినీ, కౌలుకి చేసేవాణ్ణీ ఇద్దర్నీ అడిగాకే దిగండి.

లంకరెక్క:
గట్టుమీద గారు నేల సంగతి చెప్పి గాలి సంగతి వదిలేశారు. కోనసీమలో చేను చుట్టూ కొబ్బరే కదండీ. 20 మీటర్ల చెట్ల మీంచి వచ్చే గాలి, వాటి వెనక దాదాపు 200 మీటర్ల దాకా సుళ్లు తిరుగుతూనే ఉంటుంది. సరిగ్గా దించడానికి వేగం తగ్గించినప్పుడు ఆ సుడి కిందికి నొక్కుతుంది. కొత్తవాడు కంగారుపడి ఎలివేటర్ (ముక్కు పైకి లేపే తోక పలక) లాగుతాడు, ఒక రెక్క వాలిపోతుంది, అంతే. పైగా విమానం చెట్టుకి ముందుందో వెనకుందో కింద నుంచి తెలిసి చావదు. రొయ్యల చెరువుల వైపైతే 11 కేవీ లైన్లు, కొంగలు వాలకుండా కట్టిన దారాలు అదనం.

గడ్డి గురించి ఎవరూ అనలేదేం? పడినప్పుడు నలిగిన లైపో అప్పటికి చల్లగా ఉన్నా అరగంటకి అంటుకోవచ్చు. వరిగడ్డి కుప్ప పక్కన అది జరిగితే చేను మొత్తం పోతుంది. తిన్నె మీద ఇసుకలో పెట్టి దూరంగా నిలబడితే చాలు.

గట్టుమీద:
గడ్డి మాట ఒప్పుకుంటా. బకెట్లో ఇసుక పట్టుకెళ్తే చేలో కూడా సరిపోతుంది. మీ తిన్నె సంగతి చూద్దాం. గుప్పెడు గోదావరి ఇసుక కాగితం మీద పోసి కింద అయస్కాంతం తిప్పండి. నల్లటి గింజలు ముళ్లలా లేచి నిలబడి దాని వెంట నడుస్తాయి. బ్రష్‌లెస్ మోటార్ గుండ్రటి గిన్నె లోపలంతా అయస్కాంతాలే. వాటికీ తీగ చుట్టలకీ మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందులో చేరిన నల్ల గింజ ఊదితే పోదు, తిరిగినప్పుడల్లా తీగ మీది లక్క గీకుతుంది. కిర్రుమని చప్పుడొస్తే మళ్లీ ఎగరేయకుండా గిన్నె విప్పి, జిగురు టేపు అంచుతో అద్ది తీయాలి.

ఇక నీళ్లు. విమానం తేలుతుంది, నిజమే. దాన్ని తేవడానికి దిగిన కుర్రాడు తేలతాడా? ఇసుక తవ్విన గోతులుంటే మోకాల్లోతు పక్కనే నిలువు లోతు. పడవ లేకపోతే తిన్నె మాటే ఎత్తొద్దు.

మూడుసెల్లులు:
ఇద్దరూ ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే విమానం ఏం చేయాలో ముందే పెట్టే సెట్టింగు) మర్చిపోయారు. కొన్ని రిసీవర్లు సిగ్నల్ పోతే చివరి ఆజ్ఞనే పట్టుకుని ఉంటాయి. థ్రాటిల్ ముప్పావులో ఉండగా పోతే విమానం అలాగే ముప్పావులో ఊరి మీదకి పోతుంది. ప్రొపెల్లర్ విప్పేసి, థ్రాటిల్ పావు పెట్టి, ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ఆపండి. మోటార్ ఆగాలి. ఆగకపోతే ఆగేలా సెట్ చేసేదాకా చేనూ వద్దు, తిన్నే వద్దు. ఆ తర్వాత రేంజ్ చెక్ మోడ్‌లో (సిగ్నల్ బలం తగ్గించి పరీక్షించే మోడ్) 30 అడుగులు వేసి వెళ్లి చుక్కాని కదులుతుందో లేదో చూడండి.

బరువు తూకం కూడా. రెక్క వెడల్పు 200 మిల్లీమీటర్లయితే ముందు అంచు నుంచి 50–60 మధ్య రెండు వేళ్ల మీద నిలవాలి. తోక బరువైతే మొదటి ఎగరడమే ఆఖరిది.

డెల్టాగాలి:
ఫెయిల్‌సేఫ్‌లో మోటార్ ఆపడం సరే. మిగతా సర్ఫేసులు (చుక్కాని, ఎలివేటర్ లాంటి కదిలే పలకలు) మధ్యలో ఉంచాలా?

లంకరెక్క:
తిన్నె మీదైతే వద్దు. నేరుగా జారుకుంటూ నదిలోకి పోతుంది. చుక్కాని కొంచెం, ఎలివేటర్ ఇంకా కొంచెం పైకి పెడితే అక్కడక్కడే చుట్లు తిరుగుతూ దిగుతుంది.

మూడుసెల్లులు:
ట్రైనర్‌కి పనిచేస్తుంది. చుక్కాని ఎక్కువైతే చుట్టు కాస్తా స్పిన్ (అదుపు తప్పి గిరగిరా తిరుగుతూ పడిపోవడం) అవుతుంది. ఎత్తులో మోటార్ ఆపి, అవే కోణాలు చేత్తో పెట్టి చూశాకే సెట్ చేయండి.

రాజమండ్రి వైపు వెళ్లేవాళ్లకి ఒక్క మాట: మధురపూడి విమానాశ్రయం ఉంది, ముందు డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్) మ్యాప్ చూడండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్లో (ముందుగా అనుమతి అక్కర్లేని చోట) 400 అడుగుల ఎత్తు దాకా. విమానాశ్రయం హద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్యైతే 200 అడుగులే. అంతకంటే దగ్గరైతే ఎగరేయొద్దు.

డెల్టాగాలి:
ఇక్కడ ఒక చేనుంది. కొబ్బరితోట వాయవ్యం వైపు మాత్రమే, మిగతా మూడు వైపులా బయలు. లైన్లు లేవు.

లంకరెక్క:
ఆగ్నేయం గాలి ఉన్న పూట తోట మీకు గాలివాలున పడుతుంది కాబట్టి సుళ్లు మీ మీదకి రావు. ఆ పూట వరకూ చేనే. గాలి తిరిగి తోట మీంచి వస్తే మూట కట్టేయండి. టైమర్ 7 నిమిషాలకి పెట్టండి. సగటున 10 ఆంపియర్లు లాగితే 2200లో ఐదింట నాలుగు వంతులు అయ్యేసరికి పదిన్నర నిమిషాలు. ఆ మిగిలిన మూడున్నరా, దించడం తప్పి మళ్లీ చుట్టు తిరగడానికి.

గట్టుమీద:
తోటలో ఇరుక్కుంటే వెదురు గెడతో పొడవకండి, ఎక్కేవాణ్ణి పిలవండి. ఎక్కేముందు ట్రాన్స్‌మిటర్ ఆన్‌లోనే ఉంచి థ్రాటిల్ కట్ (మోటార్ తిరగకుండా ఆపే స్విచ్) వేయండి. చెట్టెక్కినవాడి వేళ్ల దగ్గర మోటార్ తిరక్కూడదు.