తండ్రి తరువాత కుమారుడే కాపరి కావాలంటే సంఘం ఏ విధంగా నిర్ణయించాలి?

ప్రశ్న (సంఘ కార్యదర్శి, ప్రకాశం జిల్లా)

ప్రభువు నామమున అందరికీ వందనాలు. మాది ఒక చిన్న పట్టణంలోని తెలుగు బాప్టిస్టు సంఘం. ఎన్నో ఏళ్లుగా మమ్మల్ని నడిపిస్తున్న పాస్టర్ గారు వచ్చే కోత పండుగ తరువాత విశ్రాంతి తీసుకుంటానని డీకన్ల (సంఘ పరిచారకుల) కూటంలో తెలియజేశారు. ఆయన పెద్ద కుమారుడు వేదాంత విద్య పూర్తిచేసి, ప్రస్తుతం యవ్వనస్థుల కూటాన్ని చూసుకుంటున్నాడు. అతనినే కాపరిగా (పాస్టర్‌గా) ప్రకటించి, అదే ఆదివారం హస్తనిక్షేపణ (తలమీద చేతులుంచి పరిచర్యకు ప్రతిష్ఠించడం) జరిపిస్తే సరిపోతుందని డీకన్లలో ఎక్కువమంది అంటున్నారు. సంఘంలో కొందరు, ముఖ్యంగా స్త్రీల సమాజం వారు, తమను ఒక్క మాటైనా అడగలేదని నొచ్చుకుంటున్నారు. అతని నడవడి మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. డీకన్ల తీర్మానం ఒక్కటే చాలునా, సంఘమంతటినీ సమావేశపరచాలా? సమావేశపరిస్తే పెద్దాయన మనసు కష్టపడకుండా ఎలా నడిపించాలో అనుభవజ్ఞులు తెలుపగలరు.

జవాబు 1 (విశ్రాంత కాపరి, నెల్లూరు)

సహోదరులకు వందనాలు. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) సంఘాలలో బిషప్ గారు పాస్టర్లను నియమిస్తారు, బదిలీ చేస్తారు. మన బాప్టిస్టు క్రమంలో కాపరిని పిలిచే, అంటే ఎన్నుకొని ఆహ్వానించే, అధికారం బాప్తిస్మం పొంది సభ్యత్వ పట్టికలో ఉన్న విశ్వాసులందరిది. డీకన్లు సిఫారసు చేయవచ్చును గాని, వారి తీర్మానం సంఘం పిలుపుకు బదులు కాజాలదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు అనుదిన పరిచర్య జరిగించడానికి ఏడుగురు అవసరమైనప్పుడు, అపొస్తలులే తమకు నచ్చినవారిని నియమించుకోగలిగి ఉండి కూడా, ఎన్నుకొనే పనిని శిష్యుల సమూహానికి అప్పగించి, సంఘం ఎన్నుకున్నవారి మీదనే చేతులుంచారు. అది కాపరిని గూర్చిన సంగతి కాకపోయినా, మన పద్ధతికి ఆధారం అక్కడే ఉంది.

పాస్టర్ గారి కుమారుడన్న కారణంతో అతనిని పక్కన పెట్టడం కూడా అన్యాయమే. సమూయేలు తన కుమారులను న్యాయాధిపతులుగా నియమించినప్పుడు వారు లంచాలు పుచ్చుకొని న్యాయాన్ని త్రిప్పివేశారని చదువుతాము. మరొకవైపు తిమోతి విశ్వాసం అతని అవ్వ లోయి, తల్లి యునీకే యొద్దనుండి వచ్చిందని పౌలు సంతోషంగా వ్రాశాడు. కనుక మొదటి తిమోతి 3వ అధ్యాయంలోని లక్షణాలను అతని విషయంలో ఎలా పరిశీలిస్తారో, బయటినుండి వచ్చే అభ్యర్థి విషయంలోనూ అలాగే పరిశీలించండి. హస్తనిక్షేపణకు త్వరపడవద్దని అదే పత్రిక 5వ అధ్యాయం హెచ్చరిస్తుంది. ఒకే ఆదివారం వీడ్కోలు, పిలుపు, అభిషేకం మూడూ ముగించాలనే ఆలోచన నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందిన చరిత్ర మీ జిల్లాది. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు బోధకులు. మన పరిచర్య ఆరంభంలోనే ఒక కుటుంబానిదిగా కాక, పిలుపు పొందిన పలువురిదిగా ఉన్నదని మీ యవ్వనస్థులకు చెప్పండి.

జవాబు 2 (ఒక సోదరి, కాకినాడ)

అయ్యగారు చెప్పినదంతా సత్యమే. అయితే కార్యదర్శి గారు ఒక సంగతి నెమ్మదిగా తెలుసుకోవాలని కోరుతున్నాను. పదవీ విరమణ తరువాత పాస్టర్ గారు, పాస్టరమ్మ గారు ఎక్కడ నివసిస్తారు? మా నాన్నగారు కూడా కాపరియే గనుక ఈ ప్రశ్న నాకు బాగా తెలుసు. జీవితమంతా పార్సనేజీలో (సంఘం పాస్టర్‌కు ఇచ్చే ఇంట్లో) ఉన్నవారికి చాలాసార్లు సొంత ఇల్లు ఉండదు, పెన్షన్ ఉండదు, భవిష్య నిధి మాట ఎవరూ ఎత్తరు. కుమారుడు కాపరి అయితేనే తల్లిదండ్రులు ఆ ఇంట్లో ఉండగలరు. పైకి వారసత్వమని కనిపించేది అనేక ఇళ్లలో లోపల తలదాచుకునే చోటును గూర్చిన భయమే. డీకన్లకు అది తెలుసు. పాస్టర్ గారి మీద ప్రేమతోనే ఆ తీర్మానం చేసి ఉంటారు.

కాబట్టి కొత్త కాపరి విషయం ఎత్తకముందే వేరొక కూటం పెట్టి, పెద్దాయనకు అద్దె ఇంటి ఏర్పాటు, నెలనెలా సంఘం ఇచ్చే మొత్తం, వైద్య ఖర్చుల సంగతి కోశాధికారి పుస్తకంలో వ్రాయించి సంతకాలు చేయించండి. కవరులో కానుక, శాలువాతో సన్మానం దీనికి సరిపోవు. ఆ పని జరిగిన తరువాత కుమారుని విషయం సంఘం స్వేచ్ఛగా ఆలోచించగలదు, ఆ కుమారుడు కూడా తన పిలుపును స్వేచ్ఛగా పరీక్షించుకోగలడు.

ప్రశ్నించినవారు

సోదరి గారి మాట నిజమైంది. నిన్న సాయంత్రం గృహ దర్శనానికి వెళ్లి మాట్లాడినప్పుడు పాస్టరమ్మ గారు ఇంటి సంగతే ముందు ప్రస్తావించారు. దానికి ప్రత్యేక కూటం పెడుతున్నాము. ఓటింగు విషయం కూడా ఎవరైనా వివరిస్తే మేలు.

జవాబు 3 (డీకన్, సికింద్రాబాద్)

ముందుగా మీ నిబంధనావళి తీసి చూడండి. సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, సర్వసభ్య సమావేశానికి ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో, కోరం ఎంతో అందులో వ్రాసి ఉంటుంది. నోటీసును వరుసగా కొన్ని ఆదివారాలు ఆరాధనలో చదివించండి. సభ్యత్వ పట్టికను ఓటు రోజున కాక చాలా ముందే సరిచేసుకోండి. తగాదాలన్నీ అక్కడే పుడతాయి. ఒక్క పేరే ఉన్నా సరే, చేతులెత్తించకుండా చీటీల మీద రహస్యంగా ఓటు తీసుకోండి, ఎందుకంటే పాస్టర్ గారి కళ్లెదుట ఆయన కుమారుడికి వ్యతిరేకంగా చెయ్యి ఎత్తగలవారు ఎవరు? ఆ సభకు తండ్రి గాని కుమారుడు గాని అధ్యక్షత వహించకూడదు. పక్క సంఘం కాపరినో, ఫీల్డ్ (మీ ప్రాంతపు బాప్టిస్టు సంఘాల సముదాయం) పెద్దలలో ఒకరినో పిలుచుకోండి.

ఇంకొక మాట. ఆలయ స్థలం దస్తావేజు, పార్సనేజీ పన్ను రశీదు, కరెంటు మీటరు, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉన్నాయో ఇప్పుడే చూసుకోండి. వ్యక్తి పేరున ఉన్నవి ఏవైనా ఉంటే, పాస్టర్ గారు బాధ్యతలో ఉండగానే ఆయన చేతుల మీదుగా సంఘం పేరుకు మార్పించడం ఆయనకూ గౌరవం, ఆయన కుమారుడికీ రక్షణ. కుమారుడినే సంఘం పిలిస్తే, వివాహాలు, సమాధి కార్యక్రమాలు, బల్లారాధన (ప్రభువు బల్ల) మొదటి రోజునుండే అతని చేతికి రావాలని తండ్రిగారితో ముందే మాట్లాడుకొని, ఆ మాటను మినిట్స్ పుస్తకంలో వ్రాసుకోండి.