మానేసిన సిగరెట్టు మళ్ళీ మొదలైంది: పట్టుదల తిరిగి తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. ఎన్నో ఏళ్ళుగా ఉన్న సిగరెట్టు అలవాటును కిందటి ఏడాది మానేశాను. కొన్ని నెలలపాటు దాని జోలికి పోలేదు. పొద్దున్నే వచ్చే దగ్గు పోవడం, మెట్లెక్కినప్పుడు ఆయాసం తగ్గడం నాకే తెలిసివచ్చాయి. ఆ తరువాత ఆఫీసులో పని ఒత్తిడి బాగా పెరిగిన రోజుల్లో, ఒక సాయంత్రం తోటి ఉద్యోగి ఇచ్చిన సిగరెట్టును ఒక్కటే కదా అని తీసుకున్నాను. మరునాడు నేనే అడిగి తీసుకున్నాను, ఆ వారం తిరక్కుండానే పెట్టె కొన్నాను. ఇప్పుడు మునుపటంతే తాగుతున్నాను.

మొదటిసారి మానేటప్పుడు ఉన్న ఉత్సాహం ఇప్పుడు నాలో లేదు. అప్పుడు ఇంట్లో అందరికీ చెప్పి, తేదీ పెట్టుకొని మరీ మానేశాను. ఇప్పుడు మళ్ళీ చెబితే వాళ్ళు నమ్మరేమోనన్న జంకు ఉంది, అంతకన్నా ముందు నా మాట మీద నాకే నమ్మకం కలగడం లేదు. పొగ వల్ల కలిగే హాని తెలియనిది కాదు. దాన్ని మళ్ళీ మళ్ళీ చదివితే భయం పెరుగుతోందే తప్ప పట్టుదల పెరగడం లేదు. ఒకసారి మాని, మళ్ళీ మొదలుపెట్టి, ఆ తరువాత నిలకడగా మానగలిగినవారు అందుకు కావలసిన మనసును ఎలా కూడదీసుకున్నారో చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు 1

మీరు రాసినదాంట్లో నాకు ముఖ్యంగా కనిపించింది మొదటి సిగరెట్టుకూ పెట్టె కొనడానికీ మధ్య గడిచిన ఆ వారం. ఒక్క సిగరెట్టు తాగడం వేరు, పాత అలవాటులోకి పూర్తిగా వెళ్ళిపోవడం వేరు. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ 1980లలో ఈ తేడాను వివరంగా చర్చించారు. పూర్తిగా మానాలని నియమం పెట్టుకున్న మనిషి ఒకసారి తప్పగానే ‘ఇక నావల్ల కాదు’ అని తేల్చుకుంటాడని, ఆ నిరాశా అపరాధభావమే అతన్ని రెండో సిగరెట్టు వైపు నెడతాయని ఆయన వాదన. ఇప్పుడు మీకు మీ మాట మీద నమ్మకం లేకపోవడం కూడా ఆ తీర్పులో భాగమేనని నా అభిప్రాయం. కొన్ని నెలలు తాగకుండా ఉన్నారన్నది జరిగిన విషయం, తరువాత ఏం జరిగినా అది చెరిగిపోదు.

శరీరం వైపు నుంచి చూసినా మీరు ఉన్నది మొదటి మెట్టు మీద కాదు. పొగాకులోని నికోటిన్ పొగతో పాటు కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరి, అక్కడి గ్రాహకాలను, అంటే కణాల మీద దాన్ని పట్టుకొనే భాగాలను తాకి, హాయి కలిగించే డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. ఏళ్ళ తరబడి తాగేవారి మెదడులో ఈ గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది, మానిన తరువాత అది మామూలు స్థాయికి దిగడానికి సుమారు 6 నుంచి 12 వారాలు పడుతుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం మొదటి వారంలో ఎక్కువగా ఉండి, చాలామందికి 2 నుంచి 4 వారాల్లో తగ్గిపోతాయి. కొన్ని నెలలు మానారంటే మీరు ఇదంతా దాటే ఉంటారు. ఆ సాయంత్రం మిమ్మల్ని వెనక్కి లాగింది, ఒత్తిడి వచ్చినప్పుడల్లా సిగరెట్టు వెలిగించి మెదడుకు అలవాటు చేసిన పాత బంధం. అది గ్రాహకాలు తగ్గినంత త్వరగా తెగదు.

అందుకని ఉత్సాహం కోసం వెతకడం కన్నా ముందు ఒక కాగితం తీసుకొని ఆ సాయంత్రం గురించి రాయండి. ఎక్కడ నిలబడ్డారు, పక్కన ఎవరున్నారు, అంతకుముందు గంటలో ఏం జరిగింది, ఆకలితో ఉన్నారా, అలసిపోయి ఉన్నారా? అలాంటి సాయంత్రం మళ్ళీ తప్పకుండా వస్తుంది. ఆ రోజు గట్టిగా ఉంటానని అనుకోవడం చాలదు. ‘నేను మానేశాను, ఇవ్వకండి’ అని చెప్పి అక్కడి నుంచి కదిలి కాసేపు నడిచి వస్తాను అన్నంత స్పష్టంగా రాసుకోవాలి. తాగాలన్న తహతహ ఎంత తీవ్రంగా వచ్చినా సాధారణంగా కొన్ని నిమిషాల్లో సద్దుమణుగుతుంది కనుక, ఆ కొన్ని నిమిషాలకే ఏర్పాటు చేసుకుంటే చాలు.

జవాబు 2

పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక మాట కలుపుతాను. నేను కూడా మాని, మళ్ళీ మొదలుపెట్టి, ఆ తరువాత మానినవాడినే. మొదటిసారి ఉన్న ఉత్సాహం నాకు రెండోసారి రానే లేదు, దానికోసం ఎదురుచూస్తూ చాలాకాలం తాగుతూనే ఉన్నాను. చివరికి ఏ ఉత్సాహమూ లేకుండానే, చేయవలసిన పని గనుక మొదలుపెట్టాను. మానిన కొన్నాళ్ళకు, ఊపిరి తేలికపడ్డాక, మనసు దానంతటదే కుదురుకుంది. కాబట్టి మనసు సిద్ధమయ్యాకే మానాలన్న షరతును మీరు వదిలేయండి.

ఇంట్లోవారి గురించి మీరు పడుతున్న జంకు నాకు బాగా తెలుసు. ఈసారి నేను వాళ్ళకు మాట ఇవ్వలేదు, సాయం అడిగాను. తాగావా అని రోజూ ఆరా తీయవద్దని, మొదటి వారం నేను విసుక్కుంటే ఓర్చుకోమని, నేను ఎప్పుడైనా తప్పితే దాచుకోవలసిన అవసరం రాకుండా చూడమని కోరాను. నమ్మమని అడగకపోయేసరికి వాళ్ళకూ నాకూ ఆ బరువు తగ్గింది.

భయం మిమ్మల్ని కదిలించడం లేదన్నారు గనుక లాభం వైపు నుంచి చూడండి. బ్రిటన్ వైద్యులను 1951 నుంచి 50 ఏళ్ళపాటు గమనించిన రిచర్డ్ డాల్ బృందం 2004లో ఫలితాలు ప్రకటించింది. 60, 50, 40, 30 ఏళ్ళ వయసులో మానినవారికి సగటున వరుసగా సుమారు 3, 6, 9, 10 ఏళ్ళ ఆయుష్షు కలిసివస్తుందని అందులో తేలింది. ఆ లెక్క చూసింది ఏ వయసులో మానారన్నదే, అది ఎన్నో ప్రయత్నమన్నది కాదు. అయితే మానడానికి బదులు రోజుకు ఒకటికి తగ్గించుకుందామని మాత్రం సరిపెట్టుకోవద్దు. రోజుకు 20 తాగేవారికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం, ఒక్కటి తాగేవారికి కూడా ఉంటుందని 2018లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ చూపింది.

జవాబు 3

పొగ మానాలనుకొనేవారికి సలహాలిచ్చే పనిలో ఉన్నాను. మొదటిసారి మీరు ఏ మందూ వాడలేదా? మీ ప్రశ్నలో ఆ ప్రస్తావన లేదు. పట్టుదల సన్నగిల్లిన మనిషిని పట్టుదల మీదే ఆధారపడమనడం న్యాయం కాదు, ఆ భారంలో కొంత మందు మోయగలదు. చర్మానికి అంటించుకొనే నికోటిన్ పట్టీ రోజంతా రక్తంలో నికోటిన్‌ను ఒక స్థాయిలో నిలిపి ఉంచుతుంది, తహతహ ఒక్కసారిగా ఎగసినప్పుడు నికోటిన్ గమ్ ఆదుకుంటుంది. ఈ రెండూ కలిపి వాడితే ఒక్కటి వాడినదానికన్నా మంచి ఫలితం ఉంటుందని పరిశోధనలు నిర్ధారించాయి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు తాగేవారికి సాధారణంగా 4 మిల్లీగ్రాముల గమ్, మిగిలినవారికి 2 మిల్లీగ్రాములది సూచిస్తారు. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోయి వృథా అవుతుంది, వెక్కిళ్ళు కూడా వస్తాయి. నాలుక చురుక్కుమనే దాకా నెమ్మదిగా నమిలి, చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకొని, ఆ చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి.

వరెనిక్లిన్, బుప్రోపియాన్ అనే మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. వరెనిక్లిన్ నికోటిన్ కూర్చునే గ్రాహకాల మీదే కూర్చొని వాటిని పాక్షికంగా ప్రేరేపిస్తుంది, అందువల్ల తహతహ తగ్గుతుంది. ఒకవేళ సిగరెట్టు తాగినా మునుపటి తృప్తి దొరకదు. మీలాగా ఒక్కదానితో జారిపోయినవారికి ఇది ముఖ్యమైన విషయం. మూర్ఛ వ్యాధి ఉన్నవారు బుప్రోపియాన్ వాడకూడదు కనుక, వైద్యుని సలహా తీసుకొనే మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మందు వాడితే నిజంగా మానినట్లు కాదన్న భావంతో అప్పుడు ఏమీ వాడలేదు. వైద్యుణ్ణి కలుస్తాను, ఆ సాయంత్రం గురించి రాయడం ఇప్పటికే మొదలుపెట్టాను. ఒక్క సందేహం మిగిలింది. కిందటిసారి మొదటి వారంలో గుండె దడ, చేతులు వణకడం, నిద్ర లేకపోవడం బాగా బాధించాయి. సిగరెట్టు బదులు కాఫీ ఎక్కువగా తాగేవాణ్ణి. ఆ బాధంతా నికోటిన్ అందక వచ్చినదేనా?

జవాబు 3 రాసినవారు

కొంత అందువల్ల, కొంత కాఫీ వల్ల అయి ఉండవచ్చు. సిగరెట్టు పొగలోని కొన్ని రసాయనాలు కాలేయంలో కెఫీన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును చురుకుగా ఉంచుతాయి. పొగ ఆగిపోయిన కొద్ది రోజుల్లో ఆ ఎంజైము మందగించి, అంతే కాఫీ తాగినా రక్తంలో కెఫీన్ మునుపటికన్నా చాలా ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. అది తెచ్చే దడ, వణుకు, నిద్రలేమి చూసి, సిగరెట్టు లేక ఇలా అవుతోందని చాలామంది పొరబడి మళ్ళీ వెలిగిస్తారు. నికోటిన్ పట్టీ వేసుకున్నా ఈ మార్పు ఆగదు, ఎందుకంటే ఆ ఎంజైమును ప్రేరేపించేది పొగే, నికోటిన్ కాదు. కనుక మానే రోజు నుంచే కాఫీని దాదాపు సగానికి తగ్గించి, సాయంత్రం పూట పూర్తిగా మానేయండి. గమ్ వేసుకొనే ముందు పావుగంట సేపు కూడా కాఫీ వద్దు, నోటిలో ఆమ్లత పెరిగితే నికోటిన్ సరిగా ఇంకదు. మీరు ఉబ్బసానికి థియోఫిల్లిన్ గానీ, మానసిక వ్యాధికి క్లోజపిన్ గానీ వాడుతున్నట్లయితే ఈ కారణంగానే వాటి మోతాదు మార్చవలసి రావచ్చు, ఆ సంగతి మానే తేదీకి ముందే వైద్యునితో చెప్పండి.