అన్నం మానేశాక ట్రైగ్లిజరైడ్లు తగ్గి, ఎల్‌డీఎల్ పెరిగింది: పట్టించుకోవాలా?

ప్రశ్న (విజయవాడ నుంచి)

నమస్కారం. మావారికి 49 ఏళ్లు. షుగరు సరిహద్దులో ఉందని తెలిసినప్పటి నుంచి అన్నం, ఇడ్లీ, చపాతీ పూర్తిగా మానేసి, ఉదయం నేతిలో వేయించిన గుడ్లు, మధ్యాహ్నం మటనో పనీరో తింటూ, రోజుకు నాలుగు పెద్ద చెంచాల కొబ్బరినూనె తాగుతున్నారు. బరువు బాగా తగ్గింది. రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు 260 నుంచి 120కి దిగాయి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36 నుంచి 43కి చేరింది. అయితే చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 118 నుంచి 176కి, మొత్తం కొలెస్ట్రాల్ 206 నుంచి 243కి పెరిగాయి. ట్రైగ్లిజరైడ్లు తగ్గితే చాలని, ఎల్‌డీఎల్‌ను లెక్కచేయనక్కర్లేదని ఆయన స్నేహితులు ధైర్యం చెబుతున్నారు. మా మామగారికి 52వ ఏటనే గుండెపోటు వచ్చింది కనుక ఆ మాట నాకు మింగుడుపడటం లేదు.

సమాధానం (బయోకెమిస్ట్రీ అధ్యాపకుడు)

అమ్మా, మీ అనుమానం సమంజసమైనదే. ట్రైగ్లిజరైడ్లు తగ్గడం నిజమైన లాభమే, దాన్ని కాదనలేం. కానీ మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను తీసివేసి చూడండి. మునుపు 206లో 36 పోతే 170. ఇప్పుడు 243లో 43 పోతే 200. ధమని గోడల్లో చేరి పూడికకు కారణమయ్యే కణాలన్నింటిలో ఉన్న కొలెస్ట్రాల్ ఈ అంకెలోకే వస్తుంది కాబట్టి, ట్రైగ్లిజరైడ్ల లాభాన్ని కలుపుకొని చూసినా మొత్తం మీద ముప్పు పెరిగినట్టే లెక్క.

దీనికి అన్నం మానడం కంటే, అన్నం స్థానంలో చేరిన పదార్థాలే ముఖ్య కారణమని నా అభిప్రాయం. కొబ్బరినూనెలో 80 శాతానికి పైగా సంతృప్త కొవ్వే ఉంటుంది. నాలుగు పెద్ద చెంచాలంటే సుమారు 45 గ్రాముల సంతృప్త కొవ్వు. రెండు వేల కేలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 22 గ్రాముల దగ్గరే ఆగుతుంది. నెయ్యి, మటన్, పనీరు దీనికి అదనం. సంతృప్త కొవ్వు ఎక్కువైతే, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లోపలికి లాగే గ్రాహకాలు కాలేయంలో తగ్గిపోతాయి.

సమాధానం (హైదరాబాదు నుంచి)

పైవారి లెక్కతో నాకు పేచీ లేదు గాని, దీన్ని చదివి మళ్లీ కంచం నిండా అన్నానికి తిరిగి వెళ్లకండి. 18 దేశాల్లో లక్షా 35 వేల మందిని పరిశీలించి 2017లో ప్రచురించిన ప్యూర్ అధ్యయనంలో, పిండిపదార్థాలు బాగా ఎక్కువగా తినేవారిలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. మరుసటి ఏడాది వెలువడిన అమెరికా అధ్యయనంలో మాత్రం పిండిపదార్థాలు మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా మరణాల ముప్పు పెరిగింది. వాటి బదులు మాంసం తిన్నవారికి నష్టం, పప్పులు, గింజల వంటి వాటికి మారినవారికి మేలు కనిపించాయి. రెండూ పరిశీలనాత్మక అధ్యయనాలే కనుక వాటితోనే కార్యకారణాలు తేలవు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని చెప్పింది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. పద్ధతి మొత్తం మానెయ్యమంటే ఆయన వినరు. నూనె మార్చమంటే వింటారేమో. అది సరిపోతుందా?

సమాధానం (విశ్రాంత వైద్యురాలు)

మొదలుపెట్టడానికి అది చాలు. కొబ్బరినూనె తాగడం ఆపించి, వంటకు వేరుసెనగ నూనె గాని, నువ్వుల నూనె గాని మితంగా వాడండి. మటన్ బదులు తరచుగా చేపల పులుసు చేయండి; ఆకుకూర పప్పు, ఉడికించిన సెనగలు, గుప్పెడు పల్లీలు చేర్చండి. పప్పుల్లోనూ పిండిపదార్థం ఉందని ఆయన అభ్యంతరం చెబుతారు. కానీ వాటిలోని పీచు ఎల్‌డీఎల్‌ను కొంత తగ్గిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత పరీక్ష మళ్లీ చేయించండి, కుదిరితే పూడికకు కారణమయ్యే కణాల సంఖ్యను తెలిపే అపోబి పరీక్ష కూడా చేయించండి. అయితే తండ్రికి 55 ఏళ్లలోపు గుండెపోటు రావడం దానికదే ఒక ముప్పు కారకం కాబట్టి, ఆ ఫలితం కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే హృద్రోగ నిపుణుడికి చూపించండి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు అవసరమో కాదో వారు నిర్ణయిస్తారు.

ఇది చదివే ఇతరులకు మరొక మాట. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వేసుకునేవారు పిండిపదార్థాలను ఒక్కసారిగా మానేస్తే, రక్తంలో చక్కెర పెద్దగా పెరగకపోయినా కీటో అసిడోసిస్ (రక్తం ప్రమాదకరంగా ఆమ్లంగా మారడం) రావచ్చు; గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవారికి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందుల మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడిన తర్వాతే ఆహారం మార్చుకోండి.