రూరల్ లోన్ మ్యాప్‌లో రంగు లేని చోట వెతకండి

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అక్క వేసిన పిటిషన్ మీద మేము నలుగురం గ్రీన్ కార్డులతో నార్త్ కరొలినా వచ్చి ఏడాదిన్నర అయింది. నేను వేర్‌హౌస్‌లో, మా ఆవిడ డే కేర్‌లో చేస్తున్నాం. అద్దె 1,700 డాలర్లు. ఊరి బయట అయితే డౌన్ పేమెంట్ లేకుండా గవర్నమెంట్ లోన్ వస్తుందంటున్నారు, ఆ ఇళ్లు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు:
ఆ లోన్ కోసం ప్రత్యేకంగా ఇళ్లు ఉండవండీ, మార్కెట్లో అమ్మకానికున్న మామూలు ఇళ్లే, కాకపోతే ఇల్లున్న చోటు యూఎస్‌డీఏ, అంటే అమెరికా వ్యవసాయ శాఖ, లెక్కలో రూరల్ కావాలి. వ్యవసాయ శాఖ పేరు చూసి పొలం కూడా కొనాలేమో అని మా ఆయన కంగారుపడ్డారు, పొలంతో పనేమీ లేదు. డబ్బిచ్చేది బ్యాంకే, ప్రభుత్వం ఆ బ్యాంకుకి హామీ ఉంటుంది, అందుకే జీరో డౌన్.

యూఎస్‌డీఏ ఎలిజిబిలిటీ సైట్‌లోకి వెళ్లి సింగిల్ ఫ్యామిలీ హౌసింగ్ గ్యారంటీడ్ ఎంచుకుంటే మ్యాప్ వస్తుంది. అందులో రంగు పూసిన ప్రాంతాలకు లోన్ రాదు, పూయని చోటే వస్తుంది. నేను ఇది తిరగేసి అర్థం చేసుకుని రెండు వారాలు రాలీ చుట్టూ రంగున్న చోట్లే వెతికాను, నవ్వకండి. ఇంకోటి, ఊరి పేరో జిప్ కోడో కొట్టి సరిపెట్టుకోకండి, ఇంటి నంబరుతో సహా పూర్తి అడ్రస్ కొట్టండి. మాకు నచ్చిన మొదటి ఇంటి లిస్టింగ్‌లో యూఎస్‌డీఏ ఎలిజిబుల్ అని రాసి ఉంది, ఏజెంటూ అదే చెప్పాడు, ఇన్‌స్పెక్షన్‌కి 500 కట్టేశాం, తీరా లోన్ ఆఫీసర్ అడ్రస్ కొడితే గీత సరిగ్గా రోడ్డు మధ్యలో ఉంది. ఎదురింటికి వస్తుంది, మా ఇంటికి రాదు. ఆ 500 పోయినట్టే.

జీరో డౌన్ అంటే ఉచితమని కాదు. ముందు 1 శాతం గ్యారంటీ ఫీజు, తర్వాత ఏటా మిగిలిన అప్పు మీద 0.35 శాతం. రెండున్నర లక్షల డాలర్ల అప్పుకి మొదటిది 2,500, దాన్ని అప్పులోనే కలిపేయొచ్చు. రెండోది మొదటి ఏడాది నెలకి 73 దాకా పడుతుంది. క్లోజింగ్ ఖర్చులు, అంటే ఇల్లు మీ పేరు మీదికి మారేటప్పుడు అయ్యే ఖర్చులు, వేరే, అవి అమ్మేవాళ్ల చేత కట్టించుకోవడానికి బేరమాడండి, మొహమాటపడొద్దు.

క్రెడిట్ స్కోర్ 640 ఉంటే పని తేలిక. కొత్తగా వచ్చినవాళ్లకి స్కోరే ఉండదు కదా, అలాంటప్పుడు అద్దె, కరెంటు, ఫోన్ బిల్లులు టైముకి కట్టిన రుజువులు చూపించే దారి కూడా ఉంది. అందుకని అద్దె క్యాష్‌లో ఇస్తుంటే ఈ నెల నుంచే మానేసి చెక్ ఇవ్వండి.

ఇంకొకరి జవాబు:
హెచ్1బి మీద ఉండి ఇది చదువుతున్నవాళ్లకి: ఈ లోన్ మనకి రాదు. సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థుల లాంటి కొన్ని వర్గాల వాళ్లకే. ఎఫ్‌హెచ్‌ఏ అనే ఇంకో ప్రభుత్వ హామీ లోన్ తలుపు కూడా 2025 మే 25 నుంచి మనకి మూసేశారు. మిగిలింది కన్వెన్షనల్, అంటే ప్రభుత్వ హామీ లేని మామూలు లోన్. మా ఫ్రెండ్ ఒకడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటూ రూరల్ లోన్ అని ఎగబడ్డాడు. రెండు లక్షల జనం ఉన్న ఊరు రూరల్ ఎలా అవుతుందిరా అన్నాను.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అక్కా. ఇంటి ఆదాయం ఒక పరిమితి దాటితే ఈ లోన్ రాదంటున్నారు. మా పెద్దాడికి 19, స్టోర్‌లో పనిచేస్తాడు. వాడి పేరు లోన్‌లో పెట్టకపోతే వాడి జీతం లెక్కలోకి రాదు కదా?

జవాబు:
వస్తుంది, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. లోన్‌లో పేరున్నా లేకపోయినా ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి ఆదాయం కలుపుతారు, రేపు అమ్మానాన్నలు వచ్చి మీతో ఉంటూ ఏదైనా పని చేసినా అంతే. అబ్బాయి ఫుల్ టైమ్ చదువుతుంటే మాత్రం వాడి సంపాదనలో ఏడాదికి 480 డాలర్లే లెక్కేస్తారు. కాలేజీలో ఉన్నట్టు కాగితం తీసి పెట్టుకోండి. 2024లో నలుగురి దాకా ఉన్న కుటుంబానికి చాలా కౌంటీల్లో ఆదాయ పరిమితి ఏడాదికి 1,12,450 డాలర్లు. ఇది మారుతుంటుంది, మీ కౌంటీది ఆ సైట్‌లోనే చూసుకోండి. ఊళ్లో స్థలం అమ్మిన డబ్బు వచ్చి పడిందనుకోండి, 20 శాతం డౌన్ కట్టగలిగి క్రెడిట్ కూడా బాగుంటే మామూలు లోనే తీసుకోమంటారు.

ఇల్లు చూడటానికి ఆదివారం వెళ్లి మురిసిపోకండి. సోమవారం పొద్దున ఏడింటికి అక్కణ్ణుంచి మీ వేర్‌హౌస్‌కి ఒకసారి కారు నడిపి చూడండి. మాకు అద్దెలో 300 మిగిలితే పెట్రోలుకే 180 పోతోంది, ఇండియన్ స్టోర్ 40 నిమిషాలు, కరివేపాకు కుండీలోనే పెంచుకుంటున్నాను. ఆ వైపు చాలా ఇళ్లకి బావి నీళ్లు, సెప్టిక్ ట్యాంకే ఉంటాయి. ట్యాంకు ఆఖరిసారి ఎప్పుడు పంపు చేయించారో రసీదు అడగండి. వంటింట్లో ట్యాప్ తిప్పి ఒక గ్లాసు నీళ్లు పట్టి వాసన చూడండి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే ఫిల్టర్ ఎవరు పెట్టిస్తారో అక్కడే తేల్చుకోండి, నీళ్ల టెస్టు రిపోర్టు చేతికి వచ్చేదాకా క్లోజింగ్‌కి వెళ్లకండి.