పెరట్లో దొరికిన తుప్పు తుపాకులు: బాగు చేయించాలా, అప్పగించాలా?

ఉద్దానం కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది మందస మండలంలో ఒక పల్లె. తాతల నాటి పెంకుటింటి వెనక సెప్టిక్ ట్యాంకు కోసం గొయ్యి తీయిస్తుంటే నడుం లోతులో గునపానికి ఇనుము తగిలింది. మట్టి తీసి చూస్తే రెండు తుపాకులు. ఒకటి పొడవాటి నాటు తుపాకి. గొట్టం, దెబ్బ కొట్టే గుర్రం, వేలితో నొక్కే మీట ఉన్నాయి, భుజానికి ఆనించే మడమ చెక్క సగం చివికిపోయింది. రెండోది ఉత్త గొట్టం, తుప్పు పొరలు పొరలుగా లేచిపోతోంది. చుట్టూ గోనె గుడ్డ ఆనవాలు ఉంది కాబట్టి ఎవరో కావాలనే దాచారు. మా ముత్తాత వేటకి వెళ్లేవాడని నాయనమ్మ చెప్పేది. లైసెన్సు కాగితం మాత్రం ఇంట్లో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఇంట్లో తలో మాట. కొలిమికి పట్టుకెళ్లి తుప్పు వదిలించి, పాలిష్ పెట్టి హాల్లో తగిలిద్దామంటాడు బాబాయి. ఉన్నచోటే పూడ్చేయమంటోంది అమ్మ. ముత్తాత వస్తువు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు, అలాగని కేసుల టెన్షన్ కూడా వద్దు. ప్రస్తుతం పశువుల సాలలో పెట్టాం. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

పలాస పెద్దాయన

బాబూ, మీ అమ్మ మాట విను. నీ వయసువాళ్లకు ఆ రోజులు తెలియవు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను కాల్చి చంపారు. అక్కడి నుంచి 1970 జూలైలో నక్సల్ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయేదాకా మన శ్రీకాకుళం జిల్లాలో ఇంట్లో తుపాకి ఉండడమే ప్రమాదం. భూస్వాముల ఇళ్లలో తుపాకుల కోసం నక్సల్ దళాలు వచ్చేవి. మీ తుపాకి ఎవరికిచ్చారని పోలీసులు వచ్చేవాళ్లు. ఏ పక్షానా లేని రైతు ఇద్దరికీ జవాబు చెప్పుకోలేక రాత్రికి రాత్రి గొయ్యి తవ్వేవాడు. మీ ముత్తాత కూడా అలా దాచి ఉండొచ్చు.

స్టేషన్‌కి వెళ్తే ఎవరిది, ఎప్పటిది, ఇంకెన్ని ఉన్నాయి అని మొదలవుతుంది. తవ్విన కూలివాళ్లను కూడా పిలుస్తారు. ఇన్నేళ్లు మట్టిలో ఉన్నది ఎవరికీ హాని చేయలేదు. పూడ్చేసి పైన కొబ్బరి మొక్క నాటు.

టెక్కలి ప్లీడరు

పెద్దాయన భయం నాకు అర్థమవుతుంది, మా ఇంట్లోనూ ఆ కథలు విన్నాను. కానీ ఈ సలహా తమ్ముణ్ణి ముంచుతుంది. తవ్విన కూలీలు చూశారు, ఊళ్లో ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలిసి పూడ్చిపెడితే రేపు దాన్ని దాచడమనే అంటారు.

చట్టం ఏం చెబుతుందో చూడండి. ఆయుధాల చట్టం 1959లో 45వ సెక్షన్ (సి) క్లాజు కింద కొన్నిటికి మినహాయింపు ఉంది. పాతకాలపు నమూనా అయినా, పురావస్తు విలువ ఉన్నా, పాడైపోయినా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాని స్థితిలో ఉంటే ఆ చట్టం దానికి వర్తించదు. ఆఖరి షరతు గట్టిగా పట్టుకోండి. ఉత్త గొట్టానికి ఈ మినహాయింపు దొరికే అవకాశం బాగా ఉంది. గుర్రం, మీట ఉన్న నాటు తుపాకి సంగతి పరీక్షించి చెప్పాల్సిందే. అది పనికిరాదని మనకు మనం తీర్పు ఇచ్చుకుంటే చెల్లదు.

అందుకే బాబాయి గారి ఆలోచన అన్నిటికన్నా ప్రమాదం. ఆయన తుప్పు వదిలించి గుర్రం కదిలేలా చేసిన రోజున, బాగు చేస్తే పనికొస్తుందని ఆయనే రుజువు చేసినట్టు. పైగా లైసెన్సు లేకుండా తుపాకి మరమ్మతు చేయడం 5వ సెక్షన్ కింద వేరే నేరం. 2019 సవరణ తర్వాత దానికి కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2 నుంచి 5 ఏళ్లు. కొలిమి దగ్గర కూర్చున్న కమ్మరి కూడా ఇందులో ఇరుక్కుంటాడు, పాపం.

ఇంకోటి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాచి ఉన్నది ఏదైనా, పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. బంగారం బిందెలకే కాదు.

లేత్ మేస్త్రి, విజయనగరం

ప్లీడరు గారూ, చట్టం కాదనను. కానీ అప్పగించాక ఆ వస్తువు గతేంటి? సీలు వేసి గదిలో పడేస్తారు, వానాకాలం తేమకి నాలుగేళ్లలో పొడి అయిపోతుంది. ఇనుముతో పని చేసేవాడికి అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ రోజుల్లో కమ్మరి రేకును వేడి చేసి కడ్డీ చుట్టూ తిప్పి, అతుకు కనపడకుండా కొట్టి గొట్టం చేసేవాడు. అలాంటి పనితనం ఈ రోజు ఎవరి చేతిలో ఉంది?

నా మాట ఏంటంటే, కాల్చడానికి పనికిరాకుండా గొట్టం మూతి వెల్డింగ్ చేసేయండి. తర్వాత చాకలి సోడా నీళ్లలో పెట్టి బ్యాటరీ చార్జర్‌తో కరెంటు పారిస్తే తుప్పు వదులుతుంది. పైన కరక్కాయ కషాయం రాస్తే నల్లగా పొర కడుతుంది, ఇంక గాలి తగలదు. ముత్తాత వస్తువు ముత్తాత ఇంట్లోనే ఉంటుంది. కుటుంబానికి ఆ హక్కు లేదా?

బొబ్బిలి మాస్టారు

మేస్త్రి గారికి పనితనం మీద ఉన్న గౌరవం నాకు నచ్చింది. అయితే తమ్ముడూ, వెల్డింగ్ మాట దగ్గరే ఆగిపో. ఆ గొట్టంలో మందు కూరి ఉందో లేదో ఎవరు చూశారు? మూతి నుంచి కూరే తుపాకిని నింపి దాచేవాళ్లు ఉండేవారు. తడిసిన మందులో సూరేకారం కరిగి పోవచ్చు. కానీ తుప్పు, పీచు బిగిసి లోపలికి నీరు చేరకపోతే మందు ఎన్నేళ్లయినా మందే. 2008లో అమెరికాలోని వర్జీనియాలో, వాళ్ల అంతర్యుద్ధం నాటి ఫిరంగి గుండును శుభ్రం చేస్తుండగా పేలి, ఎంతో అనుభవం ఉన్న సేకరణకర్త చనిపోయాడు. అది 140 ఏళ్లు దాటిన మందు. కాబట్టి కొలిమి వద్దు, వెల్డింగ్ వద్దు, డ్రిల్లు వద్దు, లోపల కడ్డీ పెట్టి పొడవడం అసలే వద్దు. మూతి గోడవైపు ఉండేలా పడుకోబెట్టి, పిల్లల్ని ఆ సాలలోకి రానివ్వకండి.

ఇక తుప్పు సంగతి. ఉద్దానం మట్టిలో సముద్రపు ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు ఇనుము లోపలికంటా దిగుతుంది. భూమిలో ఉన్నప్పుడు గాలి అంతగా ఆడదు కాబట్టి ఏదో ఒక స్థాయిలో నిలుస్తుంది, బయటికి తీయగానే గాలి, తేమ కలిసి లోపలి నుంచి పెచ్చులు ఊడగొడతాయి. పైన కరక్కాయ రాస్తే పైతుప్పు నల్లబడుతుంది నిజమే, లోపలి ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. ప్రయోగశాలలో క్షార ద్రావణంలో నెలల తరబడి నానబెట్టి ఆ ఉప్పు తీస్తారు. కరెంటు పద్ధతిలో హైడ్రోజన్ వాయువు వస్తుంది. మందు ఉందో లేదో తెలియని గొట్టం మీద అది చేస్తారా?

అన్నిటికన్నా నా బాధ వేరే. వైరు బ్రష్షు, గ్రైండరు పెడితే గుర్తులు పోతాయి. గుర్రం పక్క రేకు మీద కిరీటం, టవర్ అనే ఇంగ్లిషు అక్షరాలు, లేదా హృదయాకారంలో ఈస్టిండియా కంపెనీ ముద్ర ఉంటే అది సైన్యం సరుకు. ఏమీ లేకపోతే ఊరి కమ్మరి చేసినదై ఉండొచ్చు. చెకుముకి రాయి బిగించే దవడలున్నాయా, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే కేపు పెట్టే చిన్న మొన ఉందా అన్నది ఇంకా ముఖ్యం. కేపులు వచ్చింది 19వ శతాబ్దంలో. కేపు ఉంటే అది 1757 బొబ్బిలి యుద్ధం నాటిది కానే కాదు. మా ఊళ్లో ఏ తుప్పు ముక్క దొరికినా తాండ్ర పాపారాయుడిదే అంటారు, అందుకే చెబుతున్నా. ఇదంతా ఆ తుప్పు కింద ఉంది. గీకితే మీ ముత్తాత గురించి తెలిసే ఒక్క ఆధారం రజనులో కలిసిపోతుంది.

మహేంద్రగిరి కింద నుంచి

మాది సవర ఊరు. పోడు చేలో పందులు పడితే నాటు తుపాకే మాకు దిక్కు. మా తాతల తుపాకులు ఆ రోజుల్లో పట్టుకెళ్లారు. రసీదు ఇవ్వలేదు, ఎవరిదో రాసుకోలేదు. ఎక్కడో మ్యూజియంలో ఒకటి రెండు ఉండొచ్చు, కింద చీటీ మీద నాటు తుపాకి అని తప్ప ఇంకేం ఉండదు. ఏ ఊరిది, ఎవరు చేశారు, దేనికి వాడారు, ఏమీ లేదు.

అన్నా, మీ గొయ్యిలోది మీ ముత్తాతదే అని ఎలా అనుకుంటున్నారు? ఆ రోజుల్లో కొండవాళ్లు కింద రైతు దగ్గర అప్పుకి తుపాకి తాకట్టు పెట్టేవాళ్లని మా అవ్వ చెప్పేది. ఇస్తే ఇవ్వండి, కానీ ఎక్కడ ఎలా దొరికిందో రాసి ఇవ్వండి. నాయనమ్మ చెప్పిందీ రాయండి, తెలియనిది తెలియదనీ రాయండి.

టెక్కలి ప్లీడరు

ఈ తమ్ముడి మాట నేను ముందే చెప్పాల్సినంత విలువైనది. చేయాల్సింది ఇది: వస్తువులను ఇంక కదపకుండా ఫోటోలు తీయండి, గొయ్యి లోతు కనపడేలా కూడా. తుపాకులు పట్టుకుని స్టేషన్‌కి వెళ్లొద్దు. కాగితం పట్టుకెళ్లండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఎదుట దొరికాయో రాసి, సర్పంచ్‌నో వీఆర్వోనో వెంట పెట్టుకుని వెళ్లి ఇవ్వండి. ఒక కాపీ తహసీల్దారు ద్వారా కలెక్టరుకు, ఇంకోటి పురావస్తు శాఖకు. ప్రతి కాపీ మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి. వాళ్లే వచ్చి పంచనామా రాసి తీసుకెళ్తారు. పరీక్షలో పనికిరానివని తేలితే తిరిగి ఇవ్వమనో, జిల్లాలోనే ప్రదర్శనకు పెట్టమనో అడిగే వీలు అదే కాగితంలో ఉంచుకోండి.

పలాస పెద్దాయన

కాగితం, ముద్ర అంటున్నారు కాబట్టి కొంత నయం. నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు. వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకు బాబూ, ఊరి పెద్దలు నలుగురు ఉండాలి. ప్లీడరు ఎవరైనా పక్కన ఉంటే ఇంకా మంచిది.

ఉద్దానం కుర్రోడు

అందరికీ ధన్యవాదాలు. ఏడేళ్ల మాట చదివి వినిపించాక బాబాయి కొలిమి మాట మానేశాడు. వారం మొదట్లో సర్పంచ్ గారితో వెళ్తున్నాం. నాయనమ్మ చెల్లెలు సోంపేటలో ఉంది, ముందు ఆవిడ దగ్గరికి వెళ్లి తాకట్టు సంగతి ఏమైనా తెలుసేమో అడిగి రాసుకుంటాను. మాస్టారూ, ఒక్క సందేహం. వాళ్లు వచ్చేలోపు మడమ చెక్క పగుళ్లు ఇస్తోంది, ఎండలో ఆరబెట్టమంటారా?

బొబ్బిలి మాస్టారు

వద్దు. తడి చెక్క ఎండలో ఆరితే ముడుచుకుని చీలిపోతుంది. నూనె, కిరసనాయిలు కూడా పూయొద్దు. నీడలో ఉంచి, చెక్క భాగం చుట్టూ మాత్రం తడి గుడ్డ, పైన ప్లాస్టిక్ కవరు వదులుగా చుట్టండి. ఇనుము వైపు తడి తగలనివ్వకండి. ఊడిన పెచ్చులు ఏవైనా ఉంటే పారేయకుండా ఒక డబ్బాలో వేసి, అవి కూడా వాళ్లకే ఇవ్వండి.