పోష్ అనే మాట నిజంగా ఓడ టికెట్ మీద పుట్టిందా?

కాగితప్పడవ:
బంజారాహిల్స్ పోష్ ఏరియా అంటాం కదా. ఆ మాట ఎలా పుట్టిందో మొన్న మా మావయ్య చెప్పారు. దొరలు ఇంగ్లండ్ నుంచి బొంబాయి వచ్చేటప్పుడు ఓడలో ఎడమవైపు గది, తిరిగి వెళ్లేటప్పుడు కుడివైపు గది తీసుకునేవారట, ఎండ పడకుండా. పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్. ఈ నాలుగు మాటల మొదటి అక్షరాలనే పి అండ్ ఓ అనే ఓడల కంపెనీ టికెట్ మీద ముద్ర వేసేదట. మీరేమంటారు?

పాతమాట:
ఒట్టి కట్టుకథ. అలాంటి ముద్ర ఉన్న టికెట్ ఒక్కటీ దొరకలేదు. పైగా మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లిషులో మొదటి అక్షరాలు కలిపి మాట చేయడం చాలా అరుదు.

లంగరు:
టికెట్ దొరక్కపోతే కథ అబద్ధమేనా? దిక్కుల లెక్క చూడండి. తూర్పుకు పోయే ఓడకు ఎడమ అంటే ఉత్తరం, నీడ వైపు. ఎర్రసముద్రంలో దక్షిణానికి దిగుతుంటే మధ్యాహ్నం దాటిన ఎండంతా కుడివైపే. ఏసీల్లేని రోజుల్లో ఎడమ గదికి గిరాకీ ఉండదా?

పాతమాట:
ఉండే ఉంటుంది అన్నా, మీ లెక్క గది గురించి చెబుతోంది, మాట గురించి కాదు. టికెట్ కథ అచ్చులో కనబడేది 1935లో. అప్పటికే 1918లో పంచ్ పత్రిక కార్టూన్‌లో ఓ కుర్ర సైనికాధికారి 'పోష్' అంటాడు. ఇంకా వెనక్కి వెళ్తే 19వ శతాబ్దపు లండన్ దొంగల యాసలో పోష్ అంటే చిల్లర డబ్బు, అర పెన్నీ. 1890 ప్రాంతపు యాస నిఘంటువులో సోకులరాయుడనే అర్థం కూడా ఉంది.

కాగితప్పడవ:
అర పెన్నీ చిల్లర కాస్తా బంజారాహిల్స్ ఎలా అయిందండీ?

పాతమాట:
చిల్లర నుంచి డబ్బు, డబ్బు నుంచి డబ్బున్నవాడి డాబు. నాకు ఇదే నచ్చుతుంది. కానీ దీనికీ గట్టి రుజువు లేదు. పెద్ద నిఘంటువులు 'పుట్టుక తేలలేదు' అనే రాస్తాయి.

లంగరు:
మరి మీదీ ఊహే! నన్నెందుకు దులిపేశారు?

పాతమాట:
నా ఊహకు ఆ మాట అచ్చయిన కాగితాలు ఉన్నాయి, మీ ఊహకు ఎండ మాత్రమే ఉంది.

తెలుగు పంతులు:
మధ్యలో ఒక మాట. ఆ అర పెన్నీ 'పోష్' రోమానీ మాట, అంటే యూరప్‌లో జిప్సీలనే వాళ్ల మాట, అర్థం సగం. రోమానీల పూర్వీకులు మన దేశం నుంచి వెళ్లినవాళ్లే. వాళ్ల మాటకు మూలం సంస్కృతంలో 'పార్శ్వం', అంటే పక్క. తలలో ఒక పక్కే వస్తే పార్శ్వనొప్పి అంటాం చూడండి, ఆ పార్శ్వమే. చిల్లర కథ నిజమైతే ఇండియా ఇందులో ఉన్నట్టే, ఓడ ఎక్కకుండానే.

కాగితప్పడవ:
ఇదంతా మావయ్యకు చదివి వినిపించాను. "పార్శ్వనొప్పి కంటే ఓడే నయం" అన్నారు.