ముందు గురిని దించాలా, పెంచాలా: ఒక ఆటవెలది పాదం

తాళపత్రం: వారం రోజులుగా ఒక పాదం నాలుక మీద ఆడుతోంది, పూర్తిగా దొరకడం లేదు. తుపాకీ కాల్చడం నేర్పిన ఒక పెద్దాయన చెబుతుండేవారు. పాత బ్రౌనింగ్ హై-పవర్ పిస్టల్ ఒకటి చేతికొచ్చింది. దాని సైట్లు (గురి చూసుకునే ముక్కలు) మరీ సన్నం, నా కళ్లకు ఆనడం లేదు. వేరే కంపెనీ సైట్లు తెప్పించి బిగించే పనిలో ఉండగా ఈ పాదం గుర్తొచ్చింది:

ముందు గురిని –ంచ మొగమెత్తు తూటాలు
వెనుక గురిని దించ వెడలు క్రింద

మొదటి పాదంలో ఆ ఒక్క అక్షరం 'దిం'దా 'పెం'దా? చివరి రెండు పాదాలు ఎవరికైనా తెలుసా?

ఛందోబద్ధం: గణాల వల్ల తేలదండి. 'దించ' అన్నా 'పెంచ' అన్నా గలమే (ఒక గురువు, ఒక లఘువు). యతికీ ఇబ్బంది లేదు, ము–మొ చెల్లుతుంది. రెండో పాదంలో వె–వె సరే సరి. అర్థంతోనే తేల్చుకోవాలి.

నుడికారం: అర్థం చూస్తే 'పెంచ' అనే తోస్తోంది. గురి అంటే మనం కొట్టదలచిన చోటు. గురి పైకి పెట్టుకుంటే తూటా పైకే పోతుంది. 'గురి పెంచు' అన్న వాడుక కాస్త ఎబ్బెట్టుగా ఉన్న మాట నిజమే గానీ, పద్యంలో చెల్లుతుంది.

ఇత్తడి సుత్తి: నుడికారం గారూ, కొట్టదలచిన చోటుకి ముందూ వెనకా ఎక్కడివండీ? 'ముందు గురి', 'వెనుక గురి' అన్నారంటే అది స్లైడ్ (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే భాగం) మీద ఉన్న ఇనుప ముక్కే. ముందు బ్లేడు, వెనక గాడి. రెండింటి తలలూ ఒకే మట్టానికి తెచ్చి చూస్తాం. ముందు బ్లేడు పొట్టిదైతే ఆ మట్టానికి తేవడానికి పిస్టల్ గొట్టం మూతి పైకెత్తాలి. మూతి ఎత్తితే తూటా పైకే. వెనక గాడి పొట్టిదైతే మూతి దించాలి, తూటా కిందికి. కాబట్టి రెండు చోట్లా 'దించ'. పెద్దాయన ఆకురాయి పట్టి పనిచేసినవారై ఉంటారు.

బండి ఱ: అందరూ 'గురి' అని రాసేస్తున్నారు. అది గుఱి. తమిళంలో కుఱి, కన్నడంలో గుఱి. 'గుఱుతు' కూడా ఆ కుటుంబమే. పద్యం ఎప్పటిదో తెలియాలంటే ముందు రాతలో ఏ ర ఉందో చూడాలి. ప్రాచీనులు ఈ రెండింటినీ ప్రాసలో కలపరు.

ఛందోబద్ధం: కలపరు, ఒప్పుకున్నాం. కానీ ఆటవెలదికి ప్రాస నియమమే లేదు కదండీ. ఆ అక్షరం యతిస్థానంలోనూ లేదు. పద్యం విని ఏ ర అన్నది చెప్పలేం.

బండి ఱ: పద్యం చెప్పకపోతే వ్యుత్పత్తి చెబుతుంది. రాసేటప్పుడైనా గుఱి అని రాద్దాం.

గింజలపేరు: ముందు బ్లేడుకి ఎర్ర చుక్క పెట్టించుకుంటారు కదా. కింద నల్ల బ్లేడు, పైన ఎర్ర మచ్చ: అచ్చం గురివింద. గురి, గురివింద రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయని నాకు ఎప్పటినుంచో నమ్మకం. 'గురివింద'లో 'గురి' ఊరికే ఉండదు.

బండి ఱ: పోలిక బాగుంది, వ్యుత్పత్తి కుదరదు. గురివింద, గురిగింజ మాటల్లో ఉన్నది మామూలు ర. గుఱిలో బండి ఱ. ఆ తేడాను దాటి రెండింటినీ కలపడానికి ఒక్క ఆధారం చూపించండి.

నుడికారం: గురి గురించే అయితే ఉర్దూ వైపు కూడా చూడాలి. తుపాకీ ముందు సైటుని ఉర్దూలో మక్ఖీ అంటారు, అంటే ఈగ. గురికి శిస్త్ అంటారు. 'తూటా' కూడా ఆ దారిన వచ్చిన మాటే. ముందుదానికి ఈగ అన్న మాట తెలిసి కూడా పెద్దాయన 'గురి' అనే వాడారంటే, కావాలనే తెలుగు మాట ఏరుకున్నారన్నమాట. ఇంత శ్రద్ధ ఉన్న మనిషి 'దించ' అన్న మాటను వరసగా రెండు పాదాల్లో తిప్పి తిప్పి వాడతారా అన్నది నా సందేహం.

తిక్కన దాసుడు: తిప్పి వాడడంలోనే అందం ఉందండి. ఆయుధాల గురించి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. విరాటపర్వంలో జమ్మిచెట్టు దగ్గర ఉత్తరుడు ఒక్కొక్క విల్లూ చూసి ఇది ఎవరిది, అది ఎవరిది అని అడగడం, బృహన్నల ఒక్కొక్కటీ వివరించి చెప్పడం గుర్తు చేసుకోండి. ప్రశ్న మళ్లీ మళ్లీ అదే, ఆయుధం మాత్రం మారుతుంది. ఆ వరసలోనే ఉత్తరుడి భయం ఆశ్చర్యంగా మారడం వినిపిస్తుంది. పదిహేను పర్వాలు రాసిన తిక్కనకి మాటల కరువా? అయినా అవసరమైనచోట అదే మాట తిరిగి వేస్తాడు. రెండు 'దించ'లూ నాకు అందుకే నచ్చాయి.

నుడికారం: తిక్కన దగ్గరికి వెళ్లేముందు నన్నయ దగ్గర ఆగాలి. గురి అనగానే ఆదిపర్వంలో ద్రోణుడి పరీక్ష. ధర్మరాజుకి చెట్టూ, గురువూ, తమ్ముళ్లూ అందరూ కనిపిస్తారు. అర్జునుడికి పక్షి తల ఒక్కటే. అక్కడ గురి అంటే లక్ష్యం తప్ప ఇనుప ముక్క కాదు. మన భాషలో ఆ మాటకి అసలు బరువు అక్కడుంది.

ఇత్తడి సుత్తి: అది విల్లు కాబట్టి. పిస్టల్ పట్టినవాడు అర్జునుడిలా లక్ష్యాన్నే చూస్తే తూటా ఎటో పోతుంది. పిస్టల్‌లో రెండు సైట్ల మధ్య దూరం జానెడు కూడా ఉండదు. కంటి చూపు ముందు బ్లేడు అంచు మీద స్పష్టంగా ఉండాలి, లక్ష్యం మసగ్గా కనిపించినా ఫర్వాలేదు. ఇక్కడ గురి అంటే ఆ అంచే.

తిక్కన దాసుడు: ఏ ఆయుధమైనా చూపు ఒకచోట నిలవాలన్నదే కదండీ ద్రోణుడి పాఠం. ఎక్కడ నిలవాలన్నది ఆయుధాన్ని బట్టి ఉంటుంది.

తాళపత్రం: నన్నయ, తిక్కన ఇద్దరూ నాకు ఇష్టమే. కానీ నా పిస్టల్ సంగతి కూడా కాస్త చూడండి. ఇది 25 మీటర్లలో దాదాపు 10 సెంటీమీటర్లు కిందికి కొడుతోంది. పద్యంలో 'దించ' అయితే ముందు బ్లేడు అరగదీస్తాను, 'పెంచ' అయితే పొడుగుది కొనాలి.

ఇత్తడి సుత్తి: దీనికి పద్యం దాకా అక్కర్లేదు, లెక్క ఉంది. తప్పిన దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించండి. సైట్ల మధ్య 160 మిల్లీమీటర్లు అనుకుంటే 100 × 160 ÷ 25000, అంటే 0.64 మిల్లీమీటర్. ముందు బ్లేడు అంత తగ్గాలి. ఒక్కసారే తీసేయకండి. కొద్దికొద్దిగా అరగదీసి, కాల్చి చూసి, మళ్లీ అరగదీయండి. తీసిన లోహాన్ని తిరిగి అతికించలేం. ఏ పని చేసినా ముందు మ్యాగజీన్ తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కళ్లారా చూసుకోండి.

ఇంకో మాట. వెనక సైటు డవ్‌టెయిల్ గాడిలో (అడుగు వెడల్పు, పైన ఇరుకు ఉన్న గాడి) బిగుసుకుని ఉంటుంది. ఇత్తడి పంచ్‌తో కొట్టండి, ఉక్కుది వాడితే మచ్చ పడుతుంది. కొత్త సైటు గాడిలో పట్టకపోతే సైటు అడుగు అరగదీయాలి గానీ స్లైడ్ గాడి జోలికి పోకూడదు. సైటు పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు. 1935 నాటి డిజైన్‌కి మంచి స్థితిలో ఉన్న పాత స్లైడ్ దొరకడం కష్టం. దీన్ని మొదలుపెట్టిన బ్రౌనింగ్ 1926లో పోయాక బెల్జియంలో దియుదోనె సేవ్ అనే డిజైనర్ పూర్తి చేసిన పిస్టల్ అది. కాస్త మర్యాదగా చూడాలి.

గింజలపేరు: రాత్రి మెరిసే సైట్లు పాత స్టాకులోవి కొనకండి. వాటిని మెరిపించే రేడియోధార్మిక వాయువు ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్లు. పెట్టెలో సీలు తియ్యకుండా ఉన్నా మెరుపు సగానికి పడిపోయి ఉంటుంది.

ఛందోబద్ధం: లెక్క సరే, కానీ పాఠం ఇంకా తేలలేదు. రాత్రి కూర్చుని చూశాను, 'పెంచ' పాఠం కూడా నిలబడుతుంది. అయితే పాదం చివర మారాలి:

ముందు గురిని పెంచ మొగము వాల్చును తూట
వెనుక గురిని దించ వెడలు క్రింద

మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు చక్కగా కుదిరాయి. యతి మొ తోనే. పొడుగు బ్లేడుని వెనక గాడి మట్టానికి తేవాలంటే మూతి దించాలి, తూటా తల వాల్చుతుంది. అదీ నిజమే. అప్పుడు పద్యం మొత్తం పైకి కొట్టే పిస్టల్‌కి మందు అవుతుంది, రెండు పాదాల్లో రెండు మందులు.

ఇత్తడి సుత్తి: పనితనం ప్రకారం అదీ తప్పు కాదు.

నుడికారం: నేను మొదట్నుంచీ చెబుతున్నది 'పెంచ' అనే కదా.

ఛందోబద్ధం: మీరు చెప్పిన కారణం వేరండి. మీ 'పెంచ'లో తూటా పైకి పోవాలి, ఇందులో కిందికి పోతుంది.

తిక్కన దాసుడు: 'మొగమెత్తు తూటాలు' అన్నదాంట్లో ప్రాణం ఉంది. 'మొగము వాల్చును' చదివితే వైద్యుడి చీటీలా ఉంది. నా ఓటు మొదటిదానికే.

తాళపత్రం: ఆయన గొంతులో నాకు 'మొగమెత్తు' అనే వినిపిస్తోంది. కానీ విన్నది చాలాకాలం కిందట. మిగతా రెండు పాదాలో?

ఛందోబద్ధం: అసలువి దొరికేదాకా నా పూరణ ఉంచండి:

వెనుకదెటకు జరుప వెంటనే యటె పోవు
ముందుదెదురు దిశకు మొగ్గు చూపు

వెనక సైటు ఎటు జరిపితే తూటా అటు, ముందుది జరిపితే ఎదురు దిక్కుకి. తాళపత్రం గారి ముందు సైటు పక్కకి జరగదు కాబట్టి ఆయనకి మూడో పాదం చాలు.

నుడికారం: 'మొగ్గు చూపు' పత్రికల భాష. 'ముందు గురిని దించ' అన్న చేతిలోంచి వచ్చే మాట కాదు.

బండి ఱ: పూరణలో గుఱి అన్న మాటే రాకుండా తప్పించుకున్నారు, గమనించాను. మొదటి రెండు పాదాలు పైన మళ్లీ రాసేటప్పుడైనా బండి ఱ వేయండి. ఇంకొకటి: 'వెడలు క్రింద'లో 'క్రింద' అని పలికారా, 'కింద' అనా? తాళపత్రం గారూ, అది గుర్తు చేసుకోగలరా? వాడుక భాషలో చెప్పిన పద్యమా, గ్రాంథికమా అన్నది దాంట్లో తెలుస్తుంది.

తాళపత్రం: 'క్రింద' అనే అన్నట్టు గుర్తు. రా వత్తు మాత్రం గట్టిగా పలకలేదు.

బండి ఱ: గట్టిగా పలికితే ముందున్న 'లు' గురువై గణం చెడుతుంది. తేల్చి పలికారంటే ఛందస్సు తెలిసినవారే. అయితే ఆయన గుఱి అనే రాసి ఉంటారు.